డయల్ మీద నీలి వరస

"నేను డయల్ మార్చలేదు. ఈ ముక్క మలయ్‌లో చెప్పాను, ఇంగ్లీషులో చెప్పాను, మా ఇంటి పోర్చుగీసు క్రిస్తాంగ్‌లో కూడా చెప్పాను. ఇంకే భాషలో కావాలి పువాన్? చైనీసులో నాకు తిట్లు మటుకే వచ్చు."

ఎడ్విన్ థెసేరా కుర్చీలో వెనక్కి వాలి చేతులు కట్టుకున్నాడు. రెండు రాత్రులు లాకప్‌లో గడిపిన మనిషిలా లేడు. రిపేరుకిచ్చిన వాచీ కోసం తొందరపెడుతున్న గిరాకీని చూసినట్టు చూస్తున్నాడు నన్ను. మేడమ్ అనడానికి వాడిన ఆ 'పువాన్'లో మర్యాద కొంచెమే ఉంది. అతని ముందు స్టేట్‌మెంటు కాగితం, దాని మీద పెన్ను. నిన్నటి నుంచి రెండూ కదల్లేదట.

"సంతకం కోసం రాలేదు," అన్నాను. "గురువారం పొద్దున ఏం జరిగిందో మళ్ళీ చెప్పండి."

"మళ్ళీనా?"

"నాకు ఇదే మొదటిసారి. ఈ కేసు నాది కాదు."

అతను నవ్వాడు. "మరి ఎందుకొచ్చారు?"

"కాగితాల్లో ఒకచోట నాకు కుదరలేదు."

మలక్కాలో పాత వాచీలు బాగుచేసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు. వాళ్ళలో ఎడ్విన్ ఒకడు. చనిపోయినాయన గో సియాక్ హిన్. ఊరంతా బాబా హిన్ అంటారు; తరాల కిందట ఇక్కడ స్థిరపడ్డ చైనావాళ్ళలో మగవాళ్ళని బాబా అనే పిలుస్తారు. పూసల చెప్పులు కుట్టేవాడు. గురువారం పదకొండు గంటలకి వాళ్ళ అక్క వంటకని వచ్చి చూస్తే, మేడమెట్ల కింద తల పగిలి పడి ఉన్నాడు. చేతికి వాచీ ఉంది. ఆ వాచీయే ఎడ్విన్‌ని ఈ కుర్చీలో కూర్చోబెట్టింది.

"తొమ్మిదిన్నరకి తలుపు కొట్టాను," అన్నాడు ఎడ్విన్. "కొత్త తోలు పట్టీ అడిగాడు, అది ఇవ్వడానికి. తలుపు సందులోంచి చెయ్యి చాపి తీసుకున్నాడు. 'పైన పని మీదున్నాను, తర్వాత మాట్లాడదాం' అన్నాడు. గుమ్మం దాటలేదు నేను."

"పట్టీ మీరే వెయ్యొచ్చుగా?"

"వేస్తానన్నాను. తనే వేసుకుంటానన్నాడు. రెండేళ్ళు దాటింది ఆ వాచీ నా చేతికిచ్చి. దగ్గరికి కూడా రానిచ్చేవాడు కాదు, చెయ్యి వెనక పెట్టుకునేవాడు. నా మీద నమ్మకం పోయిందేమో అని కష్టపెట్టుకున్నాను కూడా."

"అప్పుడు మీరు విప్పినప్పుడు డయల్ ఎలా ఉంది?"

"మీగడ రంగు. మధ్యలో ఒకే ఒక్క వరస ఎర్ర అక్షరాలు. సెకండ్ల ముల్లు కొన కూడా ఎరుపే. ఆ వెర్నే కంపెనీ వాళ్ళు మొదటి విడతలో మటుకే అలా అచ్చు వేశారు, తర్వాత మానేశారు. అలాంటిది నేను ఇంకోటి చూడలేదు పువాన్. దాన్ని గీకి నీలం వేస్తానా? అంతకంటే నా వేలు కోసుకుంటాను."

తలుపు తెరుచుకుంది. ఏఎస్పీ బదరుల్ హిషామ్ లోపలికి రాలేదు. గడప అవతల నిలబడి, "మజ్నీ, ఇలా రా," అన్నాడు.

వరండాలోకి వెళ్ళాను.

"నా కేసులో నీకేం పని?"

"బాబా హిన్ ఇంటి దగ్గర శవపేటిక బందోబస్తు నాకే వేశారు తువాన్. ఎవరి శవమో, ఎందుకు పోయాడో తెలుసుకోకుండా కాపలా ఎలా కాయను?"

"తెలుసుకున్నావుగా."

"తెలుసుకున్నాను. కుదరలేదు."

పై అధికారిని మేం తువాన్ అంటాం; ఈ తువాన్‌కి కోపం వస్తే గొంతు తగ్గుతుంది. "విను. ఎనిమిదేళ్ళ కిందట పేపర్లో పడ్డ ఫోటోలో ఆ అక్షరాలు ఎరుపు. శవం చేతి మీద నీలం. ఆ కంపెనీ నీలం అక్షరాలు ఏనాడూ అచ్చు వెయ్యలేదు. పాత డయల్ తీసేసి, ఇంకేదో డయల్ గీకి కొత్తగా రంగు పూసి పెట్టారని సింగపూర్ నిపుణుడు క్వెక్ రాసి సంతకం పెట్టాడు. ఆ వాచీని విప్పింది థెసేరా ఒక్కడే. అసలుది అమ్ముకున్నాడు. ముసలాయన కనిపెట్టాడు. గురువారం గొడవైంది. తోశాడు. ఇందులో కుదరంది ఏమిటి?"

"ఆవగింజలో సగం కూడా లేని పూసల్ని రంగు చూసి ఏరే మనిషి తువాన్ ఆయన. తన చేతి మీద ఎరుపు నీలంగా మారితే, రెండేళ్ళ తర్వాత కనిపెట్టాడా?"

"వయసు మీద పడింది."

"మొన్న కుట్టిన జత కూడా చూశాను. కళ్ళకి వయసు రాలేదు."

"క్వెక్ లాంటివాడు దొరకడం మన అదృష్టం. వేలం వేసేవాళ్ళు ఆయన మాట మీద పాట మొదలుపెడతారు. అంతటివాడు తనే ఫోన్ చేసి, తనే వచ్చి, పైసా తీసుకోకుండా చూసిపెట్టాడు. నువ్వు డిగ్రీలో ఏం చదివావు?"

"భూగోళం."

"సంతోషం. మూడింటికి ఫైలు ప్రాసిక్యూటర్ దగ్గరికి వెళ్తుంది. హత్యానేరం. నువ్వు వెళ్ళి ఆ ఇంటి ముందు కార్లు అడ్డంగా పెట్టకుండా చూసుకో."

వెళ్ళాను. కార్లు చూడటానికి కాదు.

బాబా హిన్ ఇంటి ముందుగదిలో శవపేటిక ఉంది. అద్దాలకి గుడ్డలు కప్పారు. పక్కనే చాప మీద కూర్చుని, పోయినవాళ్ళ కోసం కాల్చే వెండి కాగితాలు మడుస్తోంది వాళ్ళక్క పోహ్ నియో; పెద్దావిడ కాబట్టి అందరికీ బిబిక్. డెబ్బై దాటిన మనిషి. నడుము నిటారుగా ఉంది. నేను కూర్చుని జేబులోంచి పెన్ను తీశాను.

"ముందు ఆ పెన్ను లోపల పెట్టుకో అమ్మాయ్."

చూసుకున్నాను. మూత ఎర్రగా ఉంది. దాచేశాను. "తప్పయింది బిబిక్."

"తెలియక తెచ్చావు. పోయిన నెల కొరియరు కుర్రాడు ఎర్రచొక్కా వేసుకొస్తే మా తమ్ముడు వీధిలోనే సంతకం పెట్టి పంపాడు, గడప తొక్కనివ్వలేదు."

"పోయిన నెలా? అప్పటికి ఈ ఇంట్లో ఇంకా..."

"మా అమ్మ. రేపటికి రెండేళ్ళు." ఆవిడ వేళ్ళు ఆగలేదు. "మూడేళ్ళు ఎరుపు ముట్టకుండా దుఃఖం పట్టాలి మాకు. ఇప్పుడెవరు పడుతున్నారులే. వంద రోజులు తిరక్కుండా ఎర్రకారు కొనుక్కుని వచ్చి చూపిస్తారు. వాడొక్కడే కొడుకు. మొండివాడు. పట్టాడు."

అప్పుడు ఆవిడ కట్టుకున్న సరోంగ్ చూశాను. ముదురు నీలం. చావింట్లో నలుపు కదా ఉండాల్సింది అని నేను అనుకుంటూ ఉండగానే ఆవిడకి అర్థమైంది.

"తమ్ముడి కోసం పెద్దదాన్ని నేను దుఃఖం కట్టకూడదు. ఇది అమ్మ కోసం. మొదటి ఏడు నలుపు, రెండో ఏడు నీలం. రేపట్నుంచి ఆకుపచ్చ. అదీ అయ్యాకే ఎరుపు."

నా చేతిలో నోట్‌బుక్ అలాగే ఉండిపోయింది.

"బిబిక్, ఆయన వాచీ..."

"పెళ్ళికి అమ్మ పెట్టింది. స్నానానికి తప్ప తియ్యడు. దాన్ని విప్పి పక్కన పెడితే అమ్మనే పక్కన పెట్టినట్టుంటుందనేవాడు."

"దాని మీద అక్షరాలు ఏ రంగో చూశారా?"

"మగవాళ్ళ వాచీ నేనెందుకు చూస్తానమ్మా. అందరికీ ఆ వాచీయే కావాలి. సింగపూర్ వాడెవడో ఏడాదిగా ఫోన్లు చేసి వాణ్ణి వేపుకుతిన్నాడు, అమ్ముతావా అమ్ముతావా అని. ఒక్కోసారి నేనే ఎత్తేదాన్ని. నిన్న రాత్రి ఇంకో సింగపూర్ పెద్దమనిషి నాకు చేశాడు. 'అది రంగు పూసిన వాచీ, ఎందుకూ పనికిరాదు, కానీ పోలీసులు మీకు తిరిగిచ్చాక నాకిస్తే జ్ఞాపకంగా దాచుకుంటాను' అన్నాడు. మర్యాదస్తుడు."

"పేరు చెప్పాడా?"

"క్వెక్."

పైకి వెళ్ళాను. బాబా పనిగదికి సీలు వేసి ఉంది. కాపలా నాదే కాబట్టి తాళం నా దగ్గరే ఉంది. మనవాళ్ళు ఈ గదిని గురువారమే ఫోటోలు తీశారు. 'చెప్పుల తయారీ సామాను' అని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు.

గోడ నిండా పూసల సీసాలు. తెలుపు పక్కన పసుపు, పసుపు పక్కన నారింజ. దాని పక్కన నాలుగు అరలు ఖాళీ. తర్వాత ఊదా. ఎర్రపూసల సీసాలు ఎక్కడా లేవు. వాటిని కూడా ఎక్కడో దాచేశాడు.

కిటికీ దగ్గర బల్ల. గళ్ళ కాగితం మీద సగం గీసిన పువ్వు. పూసలు కుట్టేముందు పువ్వుని గడిగడికీ రంగు వేసి చూసుకుంటారు, మా పిన్ని కూడా ఆ పని చేసేది కాబట్టి నాకు తెలుసు. నీటిరంగులే వాడతారు. పింగాణీ పళ్ళెంలో మూడు గుంటలు. ఒకదాంట్లో నలుపు ఎండి బీటలు వేసింది. రెండోదాంట్లో నీలం అరిగిపోయింది. మూడోదాంట్లో ఆకుపచ్చ. కొత్తగా కలిపినది, కుంచె ఇంకా ముంచలేదు.

పక్కన రెండు మూడు వెంట్రుకలకి మించని కుంచె, కంటికి పెట్టుకునే భూతద్దం, మొండి అంచున్న చిన్న కత్తి. చెప్పులకి ఆ కత్తితో పని లేదు. అది వాచీ వెనకమూత లేపడానికి. బల్ల కింది బుట్టలో ఒకే ఒక్క దూది పుల్ల. దాని కొన నీలం.

వేలు తడి చేసి పళ్ళెంలోని నీలాన్ని తాకాను. వేలికి వచ్చేసింది.

ఇంక చెప్పడానికి ఏమీ లేదు. అమ్మ పెట్టిన వాచీ విప్పలేడు. విప్పకపోతే చేతి మీద ఎరుపు. అందుకని తన కుంచెతో, తన రంగుతో, అక్షరం మీద అక్షరంగా ఎరుపుని కప్పేశాడు. మొదటి ఏడు నలుపు, దాని మీద రెండో ఏడు నీలం. గురువారం పొద్దున నీలం తుడిచి ఆకుపచ్చ వెయ్యడానికి కూర్చున్నాడు. దుఃఖం తీరాక తడిదూదితో తుడిచేస్తే ఎరుపు ఎరుపుగా ఉండాలని నీటిరంగు వాడాడు. డయల్ ఎవరూ మార్చలేదు.

అంటే గురువారం పొద్దున ఈ బల్ల మీద ఆ వాచీ విప్పి ఉంది. తర్వాత అది శవం చేతికి ఎలా వెళ్ళింది?

కిందికి దిగి బిబిక్‌కి అంతా చెప్పాను. ఆవిడ మడుస్తున్న కాగితం ఒళ్ళో పడింది. తమ్ముడి పేటిక వైపు తిరిగింది.

"నాకు కూడా చెప్పలేదు," అంది.

"మీరు నాతో స్టేషన్‌కి రావాలి. ఇప్పుడే."

"శవాన్ని వదిలి ఎలా వస్తాను? వచ్చేవాళ్ళు ఏమనుకుంటారు?"

"మూడింటి తర్వాత ఎడ్విన్ హంతకుడు. ఆ ముద్ర పడ్డాక చెరపడం నాకు చేతకాదు."

ఆవిడ లేచి చెప్పులు వేసుకుంది. "అనుకోనీ."

స్టేషన్ మేడ మీద గదిలో ఏసీ గట్టిగా పెట్టారు. బల్ల మీద పళ్ళెంలో వాచీ, వెనకమూత, అద్దం విడివిడిగా ఉన్నాయి. మధ్యలో మీగడ రంగు డయల్. దాని ముందు తెల్ల చేతితొడుగులతో డెస్మండ్ క్వెక్. నలభై అయిదేళ్ళుంటాయి. ఏఎస్పీ ఆఖరి సంతకాలు చేయిస్తున్నాడు. మమ్మల్ని చూసి ఇద్దరూ తలెత్తారు.

"బందోబస్తు ఎవరికప్పగించావు?" అన్నాడు ఏఎస్పీ.

"పేటిక ఎక్కడికీ పోదు తువాన్. ఫైలు పోతుంది. అందుకే వచ్చాను." క్వెక్ వైపు తిరిగాను. "ఒకసారి నన్ను చూడనిస్తారా?"

క్వెక్ భూతద్దం ఇచ్చాడు. నా వంక దయగా చూశాడు. "చూడండి. కొత్తవాళ్ళకి ముందు అన్నీ అందంగానే కనిపిస్తాయి."

వంగాను. నిమిషాల గీతలు వెంట్రుకలా సన్నగా, అంచులు చెదరకుండా ఉన్నాయి. కంపెనీ పేరు కాగితం మీద సిరాలా చదునుగా ఉంది. గంటల దగ్గర మెరుపు చుక్కలన్నీ ఒకే వయసులో పసుపెక్కాయి. మోడల్ పేరు 'కొర్సారో' ఒక్కటే వేరు. నీలం ఉబ్బెత్తుగా, ఎండిన జిగురులా లేచి ఉంది. చివరి అక్షరం తోక దగ్గర నీలం చెరిగి, కింద నల్లటి అంచు కనిపిస్తోంది.

"డయల్ మొత్తం గీకి కొత్తగా వేశారని రాశారు," అన్నాను.

"అవును."

"మరి మిగతా గీతలు చదునుగా ఉన్నాయి, ఈ ఒక్క మాటే ఉబ్బుగా ఉంది."

"వాటిని అచ్చుతో వేశారు. దీన్ని చేత్తో రాశారు. నాటుపని అలాగే ఉంటుంది."

"కింద నలుపు కనిపిస్తోంది."

"ముందు నలుపుతో గీసుకుని పైన నీలం నింపారు. ఇన్‌స్పెక్టర్, నేను ఇలాంటివి వందలు చూశాను. మీరు?"

"ఒకటి. ఇదే. ముల్లు కొన కూడా నీలం. అసలు వాచీలో ఎరుపు ఎక్కడెక్కడుందో అక్కడే చెయ్యి పడింది. ఇంకెక్కడా పడలేదు. నకిలీ చేసేవాడు అన్నీ అచ్చంగా దింపి, జనం దేనికోసం ప్రాణమిస్తారో ఆ ఎరుపొక్కటే ఎందుకు మారుస్తాడు?"

"ఆ ఎరుపు కుదరడం కష్టం కాబట్టి." జవాబు వెంటనే వచ్చింది. మంచి జవాబే. ఏఎస్పీ తల పంకించాడు.

"తువాన్, బిబిక్ కట్టుకున్న రంగు చూడండి. తర్వాత డయల్ చూడండి."

ఆయన చూశాడు. నేను చెప్పాను, పేటిక పక్కన విన్నదీ, బల్ల మీద చూసిందీ. దూదిపుల్ల సంగతి, ఆకుపచ్చ సంగతి మటుకు నా దగ్గరే ఉంచుకున్నాను. ఏఎస్పీ మధ్యలో ఆపలేదు, కానీ చివర్న గొంతు తగ్గించాడు.

"కథ బాగుంది. రుజువు?"

"మిస్టర్ క్వెక్, ఇది ఏ రంగు? మీ రిపోర్టులో ఏం రాశారు?"

"నూనెరంగు. పొయ్యిలో కాల్చి గట్టిపరిచారు."

"నీళ్ళు తగిలితే?"

"నీళ్ళు ఏం చేస్తాయి? ఏమీ కాదు."

"అయితే తగిలిద్దాం."

"మజ్నీ." ఏఎస్పీ లేచాడు. "అది సాక్ష్యం. వేలు పెట్టావంటే రేపట్నుంచి నీకు యూనిఫాం ఉండదు."

"ఆయన మాట మీద మీరు ఒక మనిషిని ఉరికంబం దాకా పంపుతున్నారు తువాన్. అదే మాట మీద నేను ఒక చుక్క నీళ్ళు పెడతానంటున్నాను. ఏమీ కాదని ఆయనే అన్నాడు. కెమెరా పెట్టించండి. ఏమీ కాకపోతే యూనిఫాం మీ బల్ల మీదే మడిచి పెట్టి వెళ్తాను."

ఏఎస్పీ నా వంక చూశాడు, క్వెక్ వంక చూశాడు. తన ఫోన్ తీసి కెమెరా తెరిచి పళ్ళెం వైపు పట్టాడు. ఒప్పుకున్నానని మటుకు అనలేదు.

నేను పళ్ళెం పక్కనున్న కొత్త దూదిపుల్ల తీసేసరికి బిబిక్ నా మణికట్టు పట్టుకుంది.

"నీలం పోతే కింద ఎరుపు వస్తుందా?"

"వస్తుందనుకుంటున్నాను."

"ఇంకా ఏడాదుంది అమ్మాయ్. వాడు కట్టిన దుఃఖం. పోయినవాడి దుఃఖాన్ని నేనెలా విప్పను?"

గోడ గడియారం మూడుకి దగ్గర పడుతోంది. ఇది వద్దని ఆవిడ అంటే బలవంతం చేసే హక్కు నాకు లేదు. కింద లాకప్‌లో ఎడ్విన్ ఇంకా సంతకం పెట్టకుండా కూర్చునే ఉంటాడు, పెట్టినా పెట్టకపోయినా ఒకటేనని తెలియక.

బిబిక్ కుర్చీ ముందుకు లాక్కుంది. "ఇలా ఇవ్వు. విప్పితే ఇంటి చెయ్యే విప్పాలి, పోలీసు చెయ్యి కాదు. అమ్మ అడిగితే నేను చెప్పుకుంటాను."

బల్ల మీదున్న తాగేనీళ్ళ సీసా తీసి, మూతలో కాసిని పోసి, దూది ముంచింది. ముంచిన దూదిని పిండకుండా డయల్ మీదికి తెచ్చింది. దూది కొనన చుక్క వేలాడుతోంది.

"ఆగండి." క్వెక్ సగం లేచాడు. "ఆ నీళ్ళు కాదు. వాటిలో ఉప్పు ఉంటుంది, శుద్ధి చేసినవి తెప్పించండి. రుద్దకూడదు, అద్దాలి. మీద అద్ది వెంటనే తియ్యాలి. ఎరుపు మీద పొర చాలా పల్చగా ఉంది, దూదితో పాటు లేచిపోతుంది."

చుక్క పళ్ళెంలో పడింది.

"ఏ ఎరుపు, మిస్టర్ క్వెక్?" అన్నాను.

అతను బల్ల మీది రిపోర్టు వైపు చెయ్యి చాపాడు. నేను ముందుగా అందుకున్నాను.

"మీ రిపోర్టు ప్రకారం దాని కింద ఎరుపు లేదు. వట్టి రేకు ఉంది. పైన కాల్చిన నూనెరంగు ఉంది, నీళ్ళకి చలించదు. రెండూ మీ సంతకంతో ఉన్నాయి. ఇప్పుడేమో నీళ్ళు ఎక్కువైతే ఎరుపు లేచిపోతుందంటున్నారు."

"నేను... పరీక్షలో అనుమానం వచ్చింది. నిర్ధారణ కాక రాయలేదు."

"అనుమానం ఉండగానే ఎడ్విన్ మెడకి తగిలించారా? నిన్న రాత్రి బిబిక్‌కి ఫోన్ చేసి ఎందుకూ పనికిరాదన్నారా?"

ఏఎస్పీ తల గబుక్కున బిబిక్ వైపు తిరిగింది. "ఈయన మీకు ఫోన్ చేశాడా?"

"జ్ఞాపకంగా దాచుకుంటానన్నాడు," అంది బిబిక్. "ఇంకో సంగతి. ఫోన్లో రాత్రి నాకు పోల్చుకోవడం రాలేదు. ఇప్పుడు ఈ గొంతు వింటుంటే వచ్చింది. ఏడాదిగా మా తమ్ముణ్ణి వేపుకుతిన్నది నువ్వే కదూ."

ఆవిడ మళ్ళీ దూది ముంచింది. ఈసారి పిండింది. అతను చెప్పినట్టే రుద్దకుండా అద్దింది. నీలం వచ్చింది. ఇంకోసారి అద్దింది. నలుపు వచ్చింది. మూడోసారి దూది తీసేసరికి, మీగడ రంగు మీద మొదటి అక్షరం తడిగా, ఎర్రగా, నిన్న అచ్చు వేసినట్టుంది.

డయల్ అసలుదే. పుట్టినప్పటి నుంచీ అదే.

బిబిక్ కళ్ళు మూసుకుని ఏదో అనుకుంది. నేను వినలేదు, వినకూడదనిపించింది.

ఏఎస్పీ ఫోన్ ఇంకా పళ్ళెం వైపే పట్టుకుని ఉన్నాడు. మెల్లిగా దాన్ని క్వెక్ మొహం వైపు తిప్పాడు. తర్వాతి ప్రశ్న నేను అడగాలనుకున్నదే. ఆయన అడిగాడు. అడగనిచ్చాను.

"గురువారం మీ ఫోన్ నాకు పన్నెండున్నరకి వచ్చింది. రెండు కాకుండానే నా ముందు కూర్చున్నారు. సింగపూర్ నుంచి వంతెన దాటి రావడానికే అంతకు రెట్టింపు పడుతుంది. పైగా అప్పటికి ఈ చావు గురించి ఏ పేపర్లోనూ ఒక్క అక్షరం రాలేదు. సాయం చేస్తానని మీరంతట మీరు వచ్చేసరికి నాకు అదేమీ తట్టలేదు." ఆయన గొంతు బాగా తగ్గిపోయింది. ఈసారి ఆ కోపం నా మీద కాదు. "ఆ పొద్దున ఎక్కడున్నారు?"

"ఇక్కడే, హోటల్లో. సెలవు మీద వచ్చాను."

"తొమ్మిదిన్నర తర్వాత?"

క్వెక్ మా ఎవరి వంకా చూడలేదు. డయల్ వంకే చూస్తున్నాడు. మొదటి అక్షరం చుట్టూ తడి, పక్క అక్షరం మీదికి సన్నగా పాకుతోంది.

"మిగతావి కూడా తుడిచెయ్యమనండి," అన్నాడు. "సగం తడిసి ఆరితే అంచు మరక కడుతుంది. తర్వాత ఏం చేసినా పోదు."

"నేనడిగింది వేరు."

"ఆయనకీ అదే చెప్పాను." క్వెక్ తొడుగులు తియ్యడం మొదలుపెట్టాడు, ఒక్కొక్క వేలూ లాగుతూ. "నీలం వరకు ఫరవాలేదు, ఆకుపచ్చ వద్దు అన్నాను. ఆ పచ్చలో రాగి ఉంటుంది. ఏడాదిలో ఎరుపుని తినేస్తుంది. కుంచె లాక్కున్నాను. వాచీ తీసుకుని లేచాడు, 'మా అమ్మది, నా ఇష్టం' అంటూ మెట్ల దాకా వెళ్ళాడు. వాచీ కోసమే చెయ్యి పట్టుకున్నాను. మనిషి కోసం కాదు. పడ్డాక మూత బిగించి వాచీ నేనే ఆయన చేతికి పెట్టాను; నా దగ్గరుంటే దొరికిపోతాను కదా."

ఆకుపచ్చ మాట ఆ గదిలో నేను ఎత్తనే లేదు.

బిబిక్ చేతిలోంచి దూది జారింది. ఆవిడ లేవబోయింది. నేను భుజం పట్టుకుని ఆపాను. ఆవిడ అతన్ని కొట్టి ఉంటే ఆపేదాన్నో లేదో నాకే తెలియదు.

ఏఎస్పీ బల్ల మీదున్న ఫైలు తీసి చంకలో పెట్టుకున్నాడు. థెసేరా పేరున్న అట్ట లోపలివైపుకి వచ్చేలా పెట్టుకున్నాడు.

"తలుపు వెయ్యి మజ్నీ," అన్నాడు.

ఆ రోజు ఆయన ఇచ్చిన ఆజ్ఞల్లో నేను పాటించింది అదొక్కటే.